అన్నదమ్ములను మింగిన రోగానికి.. మట్టిలో మందు

చెన్నై ట్రిప్లికేన్‌లో హిందూ హైస్కూలు, మెరీనా ఎదురుగా ప్రెసిడెన్సీ కాలేజీ, సెంట్రల్ స్టేషన్ దగ్గర మెడికల్ కాలేజీ.. ఈ మూడు చోట్లా చదువుకున్న ఓ తెలుగు కుర్రాడు తర్వాతి కాలంలో ప్రపంచానికి ప్రాణం పోశాడు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు మీద మొదట్లో ధ్యాస లేదు. పదమూడేళ్లప్పుడు కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని బతుకుదామని ఇల్లు విడిచారు. తల్లి వెంకమ్మ పట్టుకొచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. రాజమండ్రిలో గట్టెక్కని మెట్రిక్యులేషన్ చివరికి మూడో ప్రయత్నంలో మద్రాసులో గట్టెక్కింది. తర్వాత రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం తీసుకుందామనుకున్నా, ఆ మనసు వైద్యం వైపు మళ్లింది.

మెడికల్ కాలేజీలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. తెల్లదొర అయిన సర్జరీ ప్రొఫెసరుకు అది గిట్టలేదు. ఫలితంగా ఎంబీబీఎస్ రావాల్సిన చోట చిన్న పట్టా ఎల్‌ఎంఎస్ చేతికొచ్చింది.

ఇంటి మీద పిడుగు

ఆ రోజుల్లోనే అన్న పురుషోత్తాన్ని, తమ్ముడు కృష్ణమూర్తిని స్ప్రూ అనే జబ్బు పొట్టనబెట్టుకుంది. తిన్నది ఒంటపట్టదు. విరేచనాలు ఆగవు. రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోతాడు. ఆ కాలంలో ఇంగ్లిష్ వైద్యంలో దీనికి సరైన మందు లేదు. అదే జబ్బు సుబ్బారావుకూ సోకితే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. తర్వాత మద్రాసు ఆయుర్వేద కాలేజీలో కొంతకాలం పాఠాలు చెప్పారు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతో, మామగారు కూడగట్టిన డబ్బుతో 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. భార్య శేషగిరి అప్పటికి గర్భిణి. పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను ఆయన చూడనే లేదు. భార్యాభర్తలు కూడా మళ్లీ కలుసుకోలేదు.

అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నా చితకా పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. సైరస్ ఫిస్కేతో కలిసి ఒంట్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో వెలువడిన ఆ పద్ధతి నేటికీ ఇద్దరి పేర్లతోనే ఉంది. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో వెలికితీశారు. ఇంత చేసినా అక్కడ స్థిరమైన కొలువు దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెరల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకు మారి, పరిశోధనలకు పెద్ద అయ్యారు.

గడ్డినేల నుంచి బంగారు మందు

మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా నుంచి వచ్చిన స్ట్రెప్టోమైసిన్ సంగతి 1944లో లోకానికి తెలిసింది. ఇక అందరి చూపూ మట్టి మీదే. లెడర్లీలో ఈ పని చూసింది బెంజమిన్ డగ్గర్. యూనివర్సిటీ కొలువు నుంచి రిటైరయ్యాక డెబ్బై దాటిన వయసులో ఇక్కడ చేరిన వృక్షశాస్త్రవేత్త. ఆయన తెలిసినవాళ్లందరినీ అడిగి మట్టి తెప్పించారు. మిస్సోరీ యూనివర్సిటీలోని శాన్‌బార్న్ పొలంలో పశువుల గడ్డి పెంచిన మడి నుంచి 1945లో వచ్చిన మట్టిలో ఓ స్ట్రెప్టోమైసిస్ దొరికింది. దానికి ఎ-377 అని నంబరు వేశారు. అది బంగారు రంగులో ఉండటంతో, అది తయారుచేసిన మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. పెన్సిలిన్‌కు లొంగని టైఫస్ లాంటి జ్వరాలకూ ఇది పనిచేసింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి ఇదే పెద్దన్న. 1994లో సూరత్‌లో ప్లేగు భయం రేగినప్పుడు, అక్కడి మగ్గాల్లో పనిచేసే మన తెలుగువాళ్లతో సహా జనం ఎగబడింది ఈ కుటుంబం మాత్రల కోసమే.

ఈ మందుకు లోహాలంటే చెప్పలేని మమకారం. కాల్షియం, ఐరన్ కనిపిస్తే పట్టేసుకుంటుంది. టెట్రాసైక్లిన్‌తో పాటు పాలు, ఐరన్ మాత్రలు వద్దని డాక్టర్లు చెప్పేది అందుకే. మరి దీన్ని తయారుచేసే బ్యాక్టీరియా ఎలా బతుకుతోంది? తన విషాన్ని తానే బయటకు తోడేసుకుంటుంది. మట్టిలో కాడ్మియం, రాగి లాంటి బరువైన లోహాలు పెరిగినప్పుడు కూడా చాలా సూక్ష్మజీవులు ఇలా తోడేసే బతుకుతాయి. చిక్కల్లా ఇక్కడే. లోహాన్ని తట్టుకునే గుణం, మందును తట్టుకునే గుణం తరచూ జంటగా ఉంటాయి. ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసిన నేలలో మొదటిదాంతో పాటు రెండోదీ బలపడుతుంది. మందిచ్చిన మట్టే మందుకు లొంగని క్రిములకూ పుట్టిల్లవుతుంది.

రెండు మందులూ ఆయన ఇంటివే

సుబ్బారావు బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారుచేసింది. బోదకాలుకు వాడే హెట్రజాన్, పిల్లల రక్త క్యాన్సర్‌పై తొలిసారి పనిచేసిన అమినోప్టెరిన్ కూడా ఆ చెట్టు కాయలే. తర్వాతి కాలంలో స్ప్రూ రోగికి డాక్టర్లు రాసిన చీటీలో రెండు మందులు కలిసి కనిపించాయి. ఒకటి ఫోలిక్ యాసిడ్, రెండోది టెట్రాసైక్లిన్. అన్నదమ్ములను తీసుకుపోయిన రోగానికి మందుల దారి చివరికి ఆయన ప్రయోగశాల నుంచే వేయబడింది.

ఆరియోమైసిన్ సంగతి 1948 జూలైలో న్యూయార్క్‌లో లోకానికి వెల్లడైంది. నెల తిరక్కుండానే, ఆగస్టులో ఓ రాత్రి నిద్రలోనే సుబ్బారావు గుండె ఆగింది. వయసు 53. నోబెల్ రాలేదు. 1953లో కొత్తగా దొరికిన ఓ శిలీంధ్రానికి మాత్రం శాస్త్రవేత్తలు సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ స్టాంపు వేసింది.