కాలు తీయకుండా కాపాడిన సర్జన్: డాక్టర్ పాల్ బ్రాండ్

మన చిత్తూరు, తిరుపతి వైపు పెద్ద జబ్బు అనగానే చాలామందికి గుర్తొచ్చేది రాయవేలూరు సీఎంసీ ఆస్పత్రి. ఈ నెల మనం తెలుసుకుంటున్న డాక్టర్ పాల్ బ్రాండ్ పనిచేసింది అక్కడే.

ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టారు. తొమ్మిదేళ్ల వయసులో చదువు కోసం ఇంగ్లండ్ వెళ్లారు. ముందు వడ్రంగం, తాపీపని నేర్చుకుని, ఆ తర్వాతే లండన్‌లో వైద్యం చదివారు. 1946లో సీఎంసీలో చేరారు.

కుష్ఠువ్యాధి వస్తే వేళ్లు, పాదాలు వాటంతటవే కుళ్లిపోతాయని అప్పట్లో డాక్టర్లు కూడా నమ్మేవారు. బ్రాండ్ రోగులను దగ్గరగా గమనించి అసలు కారణం పట్టుకున్నారు. ఆ వ్యాధి నరాలను దెబ్బతీస్తుంది. ముల్లు గుచ్చుకున్నా నొప్పి తెలియదు కాబట్టి రోగి అదే కాలితో నడుస్తూనే ఉంటాడు. పుండు ఎముకదాకా పోయి, చివరికి కాలే తీసేయాల్సి వస్తుంది.

కాలు తీయక తప్పనప్పుడు సర్జన్లు వీలైతే మోకాలిని మిగిల్చి, దాని కింద కోస్తారు. పిక్క కండను ముందుకు తెచ్చి ఎముక చివర మెత్తలా కప్పుతారు. మోకాలు మిగిలితే కృత్రిమ కాలుతో నడక సులువవుతుంది. కానీ అక్కడా స్పర్శ లేకపోతే ఒరుసుకున్నది తెలియక మళ్లీ పుండు పడుతుంది. అందుకే బ్రాండ్ ఉన్న కాలిని కాపాడటానికే ఎక్కువ శ్రమపడ్డారు. బరువు ఒకేచోట పడకుండా పాదానికి సిమెంట్ కట్టు వేసి పుండ్లు మాన్పారు. మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు తయారు చేయించారు.

1966లో అమెరికాలోని కార్విల్ ఆస్పత్రికి వెళ్లాక, షుగర్ రోగుల పాదాలకూ ఇదే పద్ధతి పనిచేస్తుందని చూపించారు. 2003లో కన్నుమూశారు.

షుగర్ ఎక్కువకాలం ఉన్నవారికీ అరికాళ్లు ఇలాగే మొద్దుబారుతాయి. తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. ఇంట్లో షుగర్ ఉన్న అవ్వ, తాతల అరికాళ్లను రోజూ రాత్రి చూసే పని పిల్లలకు అప్పగించండి. అలిపిరి మెట్లు వట్టి కాళ్లతో ఎక్కి వచ్చిన రోజు మరీ జాగ్రత్తగా చూడమనండి. బొబ్బ, పగులు, ఎరుపు ఏది కనిపించినా, నొప్పి లేదు కదా అని వదిలేయకుండా డాక్టరుకు చూపించండి.