రక్త కేన్సర్ పిల్లలకు మందు చేసిన సుబ్బారావు గారు

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. తండ్రి పేరు జగన్నాథం, తల్లి పేరు వెంకమ్మ. ఇంట్లో ఏడుగురు పిల్లలు. తండ్రికి పానం బాగలేక ఉద్యోగం మధ్యలోనే మానుకున్నారు. ఇల్లు గడవడం కష్టమైంది.

సుబ్బారావు గారికి చిన్నప్పుడు చదువు మీద మనసు లేకుండె. పదమూడేండ్లప్పుడు, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బులు సంపాదిద్దామని ఇంట్లో చెప్పకుండ పారిపోయారు. తల్లి పట్టుకొచ్చి మళ్ళీ బడిలో వేసింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. చదివించడానికి ఆ తల్లి తన నగలు అమ్మింది. ఒక్కసారి ఫెయిలైతే బడి మానేసి పత్తి ఏరబోయే పిల్లలు మన ఊర్లల్ల మస్తుమంది ఉన్నరు. వాళ్ళ కోసం ఈ సంగతి పెద్ద అక్షరాలతో రాయాలి.

తర్వాత ఆయన మద్రాసులో డాక్టరు చదువు చదివారు. గాంధీ గారి మాట విని ఖద్దరు బట్టలు కట్టుకుని కాలేజీకి పోయారు. అది చూసి సర్జరీ నేర్పే తెల్లదొరకు కోపం వచ్చింది. అందువల్ల ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా దానికంటె చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చారు. ఆ కాలంలోనే స్ప్రూ అనే జబ్బుతో ఆయన అన్నదమ్ములు ఇద్దరు ఎనిమిది రోజుల తేడాతో చనిపోయారు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతది. మందు లేని జబ్బులకు మందు వెతకాలని ఆయన అనుకున్నారు.

1923లో అమెరికాలోని బోస్టన్‌కు పోయారు. మామగారు, కాకినాడలోని ఒక ధర్మసంస్థ డబ్బు సాయం చేశారు. అక్కడ పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పళ్ళాలు ఎత్తే పని చేశారు. పని చిన్నదని సిగ్గుపడలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన పోయినంక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆ బిడ్డను ఆయన చూడనే లేదు. మళ్ళీ మన దేశం రానూ లేదు.

హార్వర్డ్ యూనివర్సిటీలో ఆయన, ఫిస్క్ అనే శాస్త్రవేత్త కలిసి మన కండరాలకు బలం ఎట్ల వస్తదో పరిశోధన చేశారు. అంత చేసినా అక్కడ పర్మినెంటు ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి పోయారు. అక్కడ ఆయన కింద పనిచేసిన వాళ్ళు 1945లో ఫోలిక్ ఆమ్లం తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. ఇది ఆకుకూరల్లో ఉండే విటమిన్. వారానికి ఒకసారి మనం మింగే నీలం రంగు ఐరన్ గోలీలో ఇదే ఉంటది. బోదకాలు రాకుండా మన దగ్గర ఇంటింటికి పంచిన డి.ఇ.సి. గోలీ కూడా ఆయన ప్రయోగశాల నుంచే 1947లో వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. మన ఎముకల లోపల మూలుగ ఉంటది. రక్త కణాలు అక్కడే తయారైతయి. రక్త కేన్సర్ వస్తే పక్వం కాని తెల్ల కణాలు పొలంలో గడ్డి పెరిగినట్టు పెరిగి, మంచి కణాలకు జాగ లేకుండ చేస్తయి. అప్పుడు పిల్లలు తెల్లగ పాలిపోతరు, జ్వరం విడవదు, చిగుళ్ళ నుంచి రక్తం వస్తది, దెబ్బ తగలకున్నా ఒంటి మీద నల్ల మచ్చలు పడతయి, ఎముకలు నొస్తయి. ఆ రోజుల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లలు కొన్ని వారాలు, నెలల్లోనే చనిపోయేవారు.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఈ పిల్లలకు ఫోలిక్ ఆమ్లం వంటి మందులు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గలేదు, ఇంకా తొందరగ పెరిగింది. అంటే కేన్సర్ కణాలు దాన్ని తిని పెరుగుతున్నయి. మరి అది అందకుండా చేస్తే? సుబ్బారావు గారి ప్రయోగశాలలో అమినోప్టెరిన్ అనే మందు తయారుచేశారు. తాలు గింజ చూడటానికి వడ్ల గింజ లాగనే ఉంటది, అలికితే మొలవదు. ఈ మందు కూడా అంతే. కణం దాన్ని ఫోలిక్ ఆమ్లమే అనుకుని తీసుకుంటది, పెరగలేక ఆగిపోతది.

ఫార్బర్ గారు ఆ మందును పదహారు మంది పిల్లలకు ఇచ్చారు. పది మందికి జబ్బు తగ్గింది. 1948 జూన్‌లో ఈ సంగతి లోకానికి తెలిపారు. కాని ఆ గుణం కొన్ని నెలలే నిలిచింది. జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఆ ఏడే ఆగస్టులో సుబ్బారావు గారు గుండె ఆగి మరణించారు. వయసు 53 ఏండ్లు. ఈ జబ్బు పూర్తిగా నయమైన పిల్లలను ఆయన చూడలేదు. 1995లో మన దేశం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది.

ఆయన ప్రయోగశాల నుంచే వచ్చిన మెథోట్రెక్సేట్ అనే తమ్ముడు మందు ఇప్పటికీ వాడుతున్నారు. ఒక్క మందుతో కాదు, నాలుగైదు మందులు కలిపి రెండు మూడేండ్లు ఇస్తారు. పిల్లలకు ఎక్కువగా వచ్చే రకంలో, మంచి వైద్యం చివరిదాకా అందితే పది మందిలో ఎనిమిది మందికి పైగా బతుకుతున్నారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. అనే ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ కింద కూడా ఈ వైద్యం ఉంది.

ఈ మందులు మింగుకుంట చదువుకునే చెల్లె ఒకామె మనతోని ఉంది. పేరు రాయను. ఆమె జుట్టు రాలి వచ్చినప్పుడు కొందరు తమ పళ్ళెం దూరం జరిపిండ్రు. రక్త కేన్సర్ అంటుకునే జబ్బు కాదు. కలిసి తింటే రాదు, ఒక్క దుప్పట్ల పండుకున్నా రాదు. మన జలుబు, జ్వరమే ఆమెకు అంటుకుంటే ప్రమాదం. జుట్టు రాలేది మందు వల్ల. మళ్ళీ వస్తది.

ఆమె వారానికి ఒక్కరోజే మింగే చిన్న పసుపు గోలీ పేరు మెథోట్రెక్సేట్. డాక్టరు రాసిన రోజే వేయాలి. రోజూ వేస్తే ప్రాణానికి ముప్పు. వార్డెన్ మేడం గారికి ఒక మనవి. ఆమెకు జ్వరం వస్తే ఇక్కడి గోలీ ఇచ్చి తెల్లారేదాక చూడకుండ అప్పుడే దవాఖానకు తోలాలి.

మన గూడేలల్ల పిల్ల పాలిపోతే దిష్టి అంటరు, తాయెత్తు కడతరు. కట్టనియ్యండి. కాని ఆ రోజే కథలాపూర్ల గాని జగిత్యాలల గాని రక్త పరీక్ష కూడా చేయించాలె. జబ్బు తగ్గినట్టు కనిపించంగనే మందు ఆపేస్తే, 1948లో ఆ పిల్లలకు తిరగబెట్టినట్టు మళ్ళీ తిరగబెడతది. అప్పుడు వాళ్ళకు వేరే మందు లేకుండె. మనకు ఉంది. దసరా సెలవులకు ఇంటికి పోయేటప్పుడు చెల్లె సంచిలో బట్టల కంటె ముందు గోలీల డబ్బా, డాక్టరు చీటీ పెట్టాలని మన రూమువాళ్ళం అందరం గుర్తు పెట్టుకుందాం.

— 9వ తరగతి విద్యార్థిని