గుణింతం దిద్దిన ఒమానీ పండితుడు – అల్ ఖలీల్ ఇబ్న్ అహ్మద్

ఈ రోజుల్లో పిల్లల చదువులోకి, పెద్దల వైద్యంలోకి ఎన్నో కొత్త పరికరాలు వచ్చాయి. వేలితో తాకితే అక్షరాన్ని పలికి వినిపించే టాబ్లెట్లు ఉన్నాయి. గూనిగా కూర్చుంటే వెన్ను నిటారుగా పెట్టమని గుర్తుచేసే సెన్సర్లు ఉన్నాయి. ఒకరి మందు మరొకరికి ఇవ్వకుండా ఆసుపత్రిలో రోగి చేతికి బార్‌కోడ్ పట్టీ కడుతున్నారు. ఇవన్నీ వేరువేరు వస్తువులే అయినా వీటి వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే. మనిషి ఎక్కడ పొరబడతాడో ముందు గమనించి, ఆ పొరపాటు జరగకుండా పనిముట్టును తయారుచెయ్యాలి.

ఈ ఆలోచన కంప్యూటర్లతో పుట్టిందేమీ కాదు. మనం బతుకుతెరువు కోసం వచ్చిన ఈ ఒమాన్ నేల తన బిడ్డగా చెప్పుకునే ఒక మహాపండితుడు పన్నెండు వందల ఏళ్ళ క్రితమే ఇలా ఆలోచించాడు. బడిలో అరబిక్ పుస్తకం తెరిచే మన పిల్లలు ప్రతిరోజూ ఆయన చేసిన పనిముట్టునే వాడుతున్నారు. ఆయనే అల్ ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అల్ ఫరాహీదీ.

ఒమాన్ నుంచి బస్రాకు

అల్ ఖలీల్ సుమారు క్రీ.శ. 718లో, అంటే హిజ్రీ 100 ప్రాంతంలో జన్మించారు. అజ్ద్ అనే పెద్ద తెగలో ఫరాహీద్ శాఖకు చెందిన సామాన్య కుటుంబం వారిది. చిన్నతనంలోనే ఇరాక్‌లోని బస్రా నగరానికి చేరి అక్కడే చదువుకున్నారు. చదువు చెప్పడం కూడా అక్కడే. ఒక రకంగా చెప్పాలంటే ఆయన కూడా మనలాగే పుట్టిన ఊరు వదిలి వెళ్ళినవారు.

అప్పటి బస్రా పెద్ద రేవు పట్టణం. అరబ్బులతో పాటు పారశీకులు, ఇంకా అనేక జాతులవారు అక్కడ కలిసి బతికేవారు. వారిలో చాలామందికి అరబిక్ మాతృభాష కాదు, పెద్దయ్యాక నేర్చుకున్న భాష. అందువల్ల చదవడంలో, పలకడంలో తప్పులు దొర్లేవి. పవిత్ర గ్రంథాన్ని తప్పుగా చదివితే అర్థమే మారిపోతుంది కనుక పండితులకు ఇది పెద్ద బెంగ అయింది.

చుక్కలతో వచ్చిన చిక్కు

అరబిక్ లిపిలో ప్రధానంగా రాసేది హల్లులే. దీర్ఘాలకు అక్షరాలున్నాయి కాని అ, ఇ, ఉ వంటి హ్రస్వాచ్చులను చదివేవారే ఊహించుకోవాలి. ఒక ఉదాహరణ చూడండి. క, త, బ అనే మూడు హల్లులు రాసి ఉంటే దాన్ని కతబ అని చదివితే రాశాడు అని అర్థం. కుతిబ అంటే రాయబడింది. కుతుబ్ అంటే పుస్తకాలు. అలాగే మద్రసా అంటే బడి, ముదర్రిసా అంటే పంతులమ్మ. గుర్తులు లేకుండా రాస్తే ఈ రెండు మాటలూ ఒకేలా ఉంటాయి. భాష బాగా వచ్చినవారికి సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. కొత్తగా నేర్చుకునేవారి సంగతేమిటి?

అల్ ఖలీల్‌కు ముందే దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. క్రీ.శ. 688లో కన్నుమూసిన అబుల్ అస్వద్ అనే పండితుడి పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి అది. అక్షరం పైన రంగు చుక్క పెడితే అ, కింద పెడితే ఇ, పక్కన పెడితే ఉ. తరువాత బ, త వంటి ఒకే రూపం ఉన్న అక్షరాలను వేరుచేయడానికి నల్లచుక్కలు కూడా వాడుకలోకి వచ్చాయి. దాంతో పేజీ నిండా చుక్కలే! ఏది అచ్చుకు గుర్తో, ఏది హల్లుకు గుర్తో సిరా రంగును బట్టి పోల్చుకోవాలి. రాసేవారికి రెండు సిరాలు కావాలి. చదివేవారికి కళ్ళు బాగుండాలి, వెలుతురూ ఉండాలి.

అల్ ఖలీల్ ఈ చిక్కును చాలా తేలికగా విప్పారు. చుక్కలకు బదులు అక్షరాలనే చిన్నవిగా చేసి వాడారు. అ కోసం అక్షరం పైన అలీఫ్‌ను చిన్నదిగా చేసి పడుకోబెట్టారు. అది ఫత్‌హా. ఉ కోసం పైన బుల్లి వావ్. అది దమ్మా. ఇ కోసం అక్షరం కింద యా నుంచి తీసిన చిన్న గుర్తు. అది కస్రా. హల్లు రెట్టించినప్పుడు, అంటే మన ద్విత్వం వచ్చినప్పుడు, షీన్ అక్షరం తలభాగాన్ని తీసి పైన పెట్టారు. అది షద్దా. ఇక రెండు సిరాలతో పని లేదు. గుర్తును చూడగానే ఏ ధ్వనో తెలుస్తుంది. ఈ పద్ధతి అంతటా స్థిరపడడానికి కొన్ని తరాలు పట్టినా, ఇప్పటికీ లోకమంతా వాడుతున్నది దీన్నే.

తెలుగు బడి పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మన తలకట్టు, గుడి, కొమ్ము చేసే పనినే ఫత్‌హా, కస్రా, దమ్మా చేస్తాయి. ఒక తేడా మాత్రం ఉంది. తెలుగులో గుణింతం గుర్తు ఎప్పుడూ రాసి తీరాలి. అరబిక్‌లో పిల్లల పుస్తకాల్లోనూ ఖురాన్‌లోనూ ఈ గుర్తులు ఉంటాయి కాని పత్రికల్లో, మస్కట్ వీధుల్లోని బోర్డుల మీద సాధారణంగా కనిపించవు. సైకిలు నేర్చుకునేటప్పుడు పక్కన పెట్టే చిన్న చక్రాల్లాగా, అవసరం ఉన్నంతకాలం తోడుండి తరువాత పక్కకు తప్పుకుంటాయి.

ఇలాంటి జాగ్రత్తే నేటి వైద్యంలోనూ ఉంది. ప్రెడ్నిసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి మందుల పేర్లు చూడడానికి దాదాపు ఒకటే. నర్సులు తొందరలో పొరబడకుండా, పేరులో తేడా ఉన్న భాగాన్ని పెద్ద అక్షరాల్లో ముద్రించమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2001లో తయారీదారులను కోరడం మొదలుపెట్టింది. గుర్తు కొంచెం మారితే కంటికి పని సులువవుతుంది, పొరపాటు తగ్గుతుంది.

గొంతు నుంచి పెదవుల దాకా

అల్ ఖలీల్ తలపెట్టిన మరో పెద్ద పని నిఘంటువు. దాని పేరు కితాబ్ అల్ అయ్న్. అరబిక్ భాషకు తొలి నిఘంటువుగా దీన్ని చెబుతారు. ఆయన ప్రణాళిక వేసి మొదలుపెట్టగా శిష్యుడు అల్ లైస్ పూర్తిచేశాడని అంటారు.

ఇందులో అక్షరాలను మామూలు వరుసలో పెట్టలేదు. ప్రతి అక్షరాన్నీ తానే పలికి చూసుకుని, అది నోటిలో ఎక్కడ పుడుతుందో, నాలుక ఎక్కడ తాకుతుందో గమనించారు. గొంతు లోపల పుట్టే అయ్న్‌తో మొదలుపెట్టి పెదవుల మీద పుట్టే అక్షరాల వైపు నడిచారు. మన వర్ణమాలలో క వర్గం గొంతు దగ్గర మొదలై ప వర్గం పెదవుల దగ్గర ముగుస్తుంది కదా, ఇదీ అలాంటి వరుసే.

ఏ మాటా జారిపోకుండా ఉండాలని ఆయన లెక్క కూడా వేశారు. రెండు హల్లులను 2 రకాలుగా అమర్చవచ్చు. మూడింటిని 6 రకాలుగా, నాలుగింటిని 24 రకాలుగా, అయిదింటిని 120 రకాలుగా. మన అక్షరాలతో చూస్తే క, మ, ల నుంచి కమల వస్తుంది, లమక కూడా వస్తుంది. మొదటిదానికి అర్థం ఉంది, రెండోదానికి లేదు. ఇలా ప్రతి అమరికనూ పరిశీలించి, వాడుకలో ఉన్నదేదో లేనిదేదో చెప్పారు.

సుత్తి దెబ్బల్లో ఛందస్సు

ఒకనాడు బజారులో నడుస్తుంటే పనివారి సుత్తి దెబ్బల లయ ఆయన చెవిన పడిందట. పద్యానికీ ఇలాంటి కొలత ఉండాలి అనిపించింది. అరబ్బుల కవిత్వాన్నంతా పరిశీలించి 15 రకాల ఛందస్సులను 5 వలయాల్లో అమర్చారు. తరువాత అఖ్ఫష్ అనే పండితుడు ఒకటి కలపడంతో అవి 16 అయ్యాయి. మనం గణాలను యమాతారాజభానసలగం అని గుర్తుపెట్టుకున్నట్టే, ఫఊలున్, మఫాఈలున్ వంటి మాటలతో అక్కడ లయను గుర్తుపెట్టుకుంటారు. ఈ కొలతలు పారశీకానికి, ఉర్దూకు పాకాయి. మన గోల్కొండ సుల్తాను, హైదరాబాదు నగర నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ గజళ్ళు కూడా ఈ సంప్రదాయంలోనివే.

పరాయి భాషలో మొనగాడైన శిష్యుడు

అల్ ఖలీల్ శిష్యుల్లో అందరికన్నా పేరు పొందినవాడు సీబవైహ్. అతడు పారశీకుడు. చదువుకునే రోజుల్లో గురువు ముందు ఒక మాట విభక్తి తప్పుగా పలికి, సిగ్గుపడి, ఇక వ్యాకరణం నేర్చుకునే తీరాలని పట్టుబట్టాడని కథ. అల్ ఖలీల్ దగ్గర శిష్యరికం చేసి అతడు రాసిన అల్ కితాబ్ అరబిక్ వ్యాకరణాలన్నిటికీ మూలగ్రంథమైంది. పరాయి భాషలో తప్పులు చేసినవాడే ఆ భాషకు ప్రామాణికుడయ్యాడు. రెండు మూడు భాషల మధ్య పెరుగుతూ ళ దగ్గర, ణ దగ్గర తడబడే మన పిల్లలు ఈ కథ గుర్తుంచుకోవాలి.

ఎండురొట్టె చాలు

ఇంత పేరున్నా అల్ ఖలీల్ పేదగానే బతికారు. ముహల్లబ్ వంశానికి చెందిన ఒక గవర్నరు తన కొడుకుకు చదువు చెప్పమని కబురు పంపితే, వచ్చిన దూతకు ఆయన ఎండురొట్టె ముక్క చూపించి, ఇది ఉన్నంతకాలం తనకు గవర్నరుతో పని లేదని చెప్పి పంపారట.

ఆయన మరణం గురించి చెప్పే కథ ఇంకా గొప్పది. బజారుకు వెళ్ళే పనిపిల్లను కూడా కొట్టువాడు లెక్కలో మోసం చెయ్యలేనంత సులువైన గణన పద్ధతి ఒకటి తయారుచెయ్యాలని ఆయన అనుకున్నారు. ఆ ఆలోచనలోనే మునిగి మసీదులోకి నడుస్తూ స్తంభాన్ని గుద్దుకుని పడిపోయారని, ఆ దెబ్బతోనే మరణించారని పాత గ్రంథాలు చెబుతాయి. క్రీ.శ. 786–791 మధ్య బస్రాలో ఆయన కన్నుమూశారు. అంతటి పండితుడికి చివరి ఘడియలో మనసులో ఉన్నది చదువురాని ఒక పనిపిల్ల కష్టం!

నేడు నిజ్వా విశ్వవిద్యాలయంలో ఆయన పేరుతో అధ్యయన కేంద్రం ఉంది. మన పిల్లలకు మాత్రం ఆయన అంతకన్నా దగ్గరగా, అరబిక్ వాచకంలో ప్రతి అక్షరం మీదా ఉన్నారు.

చిన్నారులూ! ఈసారి తెలుగు వాచకం, అరబిక్ వాచకం పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి. కొమ్ము ఎక్కడుందో, దమ్మా ఎక్కడుందో వెతకండి. అమ్మానాన్నలకు అరబిక్ రాకపోతే మీరే నేర్పండి. పెద్దలకూ ఒక మనవి. పిల్లవాడు గుణింతం తప్పినప్పుడు కోప్పడకుండా, ఎక్కడ తడబడ్డాడో ఒక్కసారి గమనించండి. అల్ ఖలీల్ తన పని మొదలుపెట్టింది సరిగ్గా అక్కడే.