జమాఖర్చులలో సత్యనిష్ఠ పాటించిన మహాత్ముడు

సత్యాగ్రహ పథంలో జాతిని నడిపించిన మహాత్మా గాంధీ, ఆ సత్యాన్ని తొలుత సాధన చేసిన స్థలాలలో పద్దుపుస్తకం ఒకటి. ప్రజాధనాన్ని చేపట్టేవారికి, లెక్కలను తనిఖీ చేసి ధ్రువీకరించే వృత్తిలో ఉన్నవారికి ఆయన జీవితంలోని ఈ పార్శ్వం నిత్య పఠనీయం.

మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ 1869 అక్టోబరు 2న గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో జన్మించారు. న్యాయశాస్త్ర అధ్యయనానికై 1888లో లండన్ చేరిన ఆయన, అక్కడ ఖర్చు చేసిన ప్రతి చిల్లర నాణేన్ని కూడా పుస్తకంలో వ్రాసి, ఏ రోజు లెక్క ఆ రోజే సరిచూసుకొనేవారు. ఈ అలవాటే ఉత్తరోత్తరా లక్షల రూపాయల ప్రజా నిధులను నిర్వహించడానికి పునాది అయినది.

1893లో దాదా అబ్దుల్లా సంస్థ వ్యాజ్యం నిమిత్తం ఆయన దక్షిణాఫ్రికా వెళ్ళారు. 40 వేల పౌండ్లకు సంబంధించిన ఆ దావా అంతయు వ్యాపార లెక్కల చిక్కుముడులతో నిండి ఉన్నది. జమాఖర్చుల పద్ధతి తెలియనిదే వ్యాజ్యం బోధపడదని గ్రహించిన యువ న్యాయవాది, ఆ విషయంపై ఒక పుస్తకం కొని స్వయంగా అభ్యసించారు. తెలియని విషయంలో తెలిసినట్లు నటింపకపోవడం వృత్తి ధర్మానికి మొదటి మెట్టు.

1894లో స్థాపించిన నేటాల్ ఇండియన్ కాంగ్రెస్‌కు ఆయన కార్యదర్శిగా వ్యవహరించారు. చందా ఎంత స్వల్పమైనను రసీదు ఇవ్వడం, ప్రతి పైసకు లెక్క చూపడం అక్కడ తప్పనిసరి నియమం. సరియైన లెక్కలు లేని ప్రజాసంస్థ క్రమంగా అపకీర్తి పాలవుతుందని, లెక్కల శుద్ధి లేనిదే సత్యం నిలువదని ఆయన విశ్వసించారు.

న్యాయవాదిగా ఆయన ఎదుర్కొన్న ఒక పరీక్ష ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఒక వ్యాజ్యంలో లెక్కల నిపుణులైన మధ్యవర్తులు ఆయన కక్షిదారుకు అనుకూలంగా తీర్పు ఇచ్చారు. అయితే ఒక పద్దు పొరపాటున ఒక వైపుకు బదులు మరొక వైపు చేరినది. ప్రతిపక్షం ఆ తీర్పును ఇతర కారణాలపై సవాలు చేసినదే గాని, ఈ పొరపాటును గమనించలేదు. దానిని మనమే బయటపెడితే తీర్పు మొత్తం రద్దు కావచ్చునని సీనియర్ న్యాయవాది హెచ్చరించి, వాదించడానికి నిరాకరించారు. గాంధీజీ కక్షిదారును ఒప్పించి, తామే కోర్టు ఎదుట పొరపాటును అంగీకరించి వాదించారు. న్యాయమూర్తులు తొలుత అనుమానించినను, చివరకు ఆ పొరపాటును సరిదిద్ది తీర్పును ఖాయపరచారు. తనకు లాభించే తప్పును సైతం దాచరాదన్న నియమానికి ఇది నిదర్శనం.

డర్బన్ వ్యాపారి, తమ ఆప్తమిత్రుడు పార్సీ రుస్తుంజీ సుంకం ఎగవేసి చిక్కుల్లో పడినప్పుడు కూడా ఆయన మార్గం మారలేదు. ప్రభుత్వం ఎదుట నేరం పూర్తిగా ఒప్పుకొమ్మని సలహా ఇచ్చారు. ఒప్పుకొన్న మొత్తానికి రెట్టింపు జరిమానాతో వ్యవహారం పరిష్కారమైనది. రుస్తుంజీ ఆ వృత్తాంతాన్ని వ్రాయించి, చట్రం కట్టించి, వారసులకు హెచ్చరికగా తమ కార్యాలయంలో వ్రేలాడదీశారు.

ఈ నిష్ఠ స్వగృహంలో కూడా కఠినంగానే అమలైనది. 1901లో స్వదేశానికి బయలుదేరినప్పుడు అభిమానులు ఇచ్చిన కానుకలలో కస్తూర్బాకు ఇచ్చిన 50 గినీల బంగారు హారం కూడా ఉన్నది. కోడళ్ళకైనా ఉంచుకొందామని ఆమె కన్నీటితో వాదించారు. ప్రజాసేవకు లభించినది ప్రజలదేనని నిర్ణయించి, గాంధీజీ కానుకలన్నింటిని ట్రస్టు పరం చేశారు. ఆ నిర్ణయం ఆమె మనసుకు ఎంత కష్టం కలిగించినదో ఆయన తమ ఆత్మకథలో దాచలేదు.

1921లో విజయవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సేకరించాలని తీర్మానించినది. 1929లో ఖాదీ నిధికై గాంధీజీ ఆంధ్ర ప్రాంతమంతటా పర్యటించారు. అణా ఇచ్చిన పేదలు, ఆభరణాలు అర్పించిన మహిళలు ఆయనపై ఉంచిన నమ్మకానికి మూలం ఈ లెక్కల శుద్ధియే. విరాళాల వివరాలను ఆయన తమ పత్రికలలో ప్రచురించేవారు. 1948 జనవరి 30న ఆయన అమరులైనారు.

మరుసటి ఏడాది, 1949 జూలై 1న, పార్లమెంటు చట్టం ద్వారా భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఏర్పడినది. సభ్యుల వృత్తిపరమైన దుష్ప్రవర్తనపై చర్యకు ఆ చట్టం వీలు కల్పించినది. అయినను 2009 జనవరిలో హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ ఖాతాలలోని లేని నగదు నిల్వల బాగోతం వెల్లడైనప్పుడు, ఏళ్ళ తరబడి ఆ లెక్కలపై సంతకాలు ఎలా పడ్డాయన్న ప్రశ్న దేశమంతటా వినిపించినది. సంతకం చేసే చేతికి చట్టంతోపాటు అంతరాత్మ కూడా తోడుండాలి. ఎవరూ గమనించని తప్పును తానే చూపగలిగిన ధైర్యమే ఈ వృత్తికి మహాత్ముడు మిగిల్చిన ఆస్తి.