రాయి వెంట నడచిన కాటన్

1803లో ఇంగ్లండున జన్మించిన ఆర్థర్ కాటన్, అనకాపల్లికి పొరుగైన విశాఖతీరమున సముద్రపుకోతను రాళ్లతో అరికట్టెను. పిదప, 1832-33 నాటి నందన కరవుతో చితికిన గోదావరిసీమలో 1847లో ఆనకట్టకు పూనుకొనెను.

నదీగర్భమంతయు ఇసుక. ఇసుకపై రాళ్లు నిలుపు విద్యను ఆయన కావేరిపైని చోళుల కట్టవలన నేర్చెను. అట్టి కట్టకు రాయి ఎడతెగక అందవలెను. ఆలసించినచో వరద ఊరుకొనదు. కనుకనే రాతిగుట్ట చెంతనున్న ధవళేశ్వరమును ఎన్నుకొని, గుట్టనుండి ఏటివరకు ఇనుపపట్టాలు పరపించెను. మన దేశమున ప్రయాణికుల రైలు నడచినది 1853లో సుమా! గనియు, బాటయు, కట్టయు ఇంజనీర్ల కనుచూపుమేరలో ఉండుటచే నాసిరాయి చొరబడుటకు చోటు తక్కువ. సామగ్రిని, కూలీలను సమకూర్చుటలో వీణెం వీరన్న ఆయనకు కుడిభుజము.

1852లో పని ముగిసెను. 1899లో కాటన్ గతించెను. ఆ కట్ట మాత్రము ఆ పిదపయు అనేక దశాబ్దములు గోదావరిని పొలములకు మళ్లించెను.