రాయి కొట్టుకుపోయినా లెక్క మిగులుతుంది

రాజోలు సీమలో వశిష్ఠ, వైనతేయ పాయల పక్కన వ్యవసాయం చేసే రైతుకు ఏటి కోత కొత్త కాదు. వరదొచ్చి ఒడ్డు కోసేస్తే చేనూ పోతుంది, సర్వే రాయీ పోతుంది. మళ్లీ మేట వేసినప్పుడు గట్టు ఎక్కడన్నదే తగాదా. అయితే కదలకుండా నిలిచిన రెండు గుర్తుల నుంచి దిక్కూ, దూరమూ లెక్కగడితే పోయిన రాయి చోటు దొరుకుతుంది. ఈ లెక్కతోనే దేశాన్ని కొలవడానికి పూనుకున్న విలియం లాంబ్టన్ గురించి నాలుగు మాటలు చెప్పదలిచాం.

లాంబ్టన్ ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో సామాన్య కుటుంబంలో పుట్టి, సైన్యంలో చేరాడు. 1799లో టిప్పు సుల్తాన్ మీద సాగిన యుద్ధంలో ఒక రాత్రి తన దండు ఉత్తరానికి పోబోయి దక్షిణంగా, శత్రువు కేసి పోతోందని చుక్కల్ని చూసి పసిగట్టాడు.

1802లో మద్రాసు సెయింట్ థామస్ కొండ దగ్గర ఏడున్నర మైళ్ల తిన్నని గీతను ఉక్కు గొలుసుతో కొలిచాడు. ఆపైన గొలుసుతో అట్టే పనిలేదు. ఆ గీత రెండు కొసల నుంచీ దూరాన ఉన్న కొండను చూసి కోణాలు కొలిస్తే, కొండ ఎంత దూరమో, ఏ దిక్కో కాగితం మీదే తేలుతుంది. అలా తేలిన భుజం మీద ఇంకో త్రికోణం, దాని మీద మరోటి. మద్రాసు నుంచి మంగుళూరుకు పాత పటాలు చూపినదానికన్నా సుమారు 40 మైళ్లు తక్కువేనని ఇలాగే తేల్చాడు.

1808లో తంజావూరు గుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే, అరటన్ను బరువున్న కోణమాపకం దెబ్బతింది. వారాల తరబడి కూర్చుని తానే బాగుచేసుకున్నాడు. కొలుచుకుంటూ హైదరాబాదు రాజ్యం దాటి ఉత్తరానికి పోతూ, 1823 జనవరి 20న వార్ధా దగ్గరి హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు.

లాంబ్టన్‌కు భూమి ఆకారం తేల్చాలన్న తపన. కంపెనీ దొరలకు కావలసింది మాత్రం రాజ్యం మీద పట్టు. ఆ బరువులు మోసి, అడవులు కొట్టి దారి చేసిన మన కూలీల పేర్లు ఏ పటం మీదా లేవు.

మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో గొలుసు పోయి ఉపగ్రహాలూ, డ్రోన్లూ వచ్చాయి. పరికరం మారింది గాని లెక్క అదే. అందుకే రైతు సోదరులకు మా మాట ఒకటే. మీ చేను పటం నకలు తెచ్చుకోండి. కొలతల్ని మీ కళ్లెదుటే సరిచూడమని అడగండి. లెక్క తెలిసిన రైతును గట్టు జరిపి మోసగించడం తేలిక్కాదు.