కెమెరా పట్టిన ఇంజినీర్‌కి ‘రాజా’ బిరుదు.. నిజాం కాలాన్ని గాజు పలకల మీద దాచిన దీన్‌దయాళ్!

‘ఒకప్పటి హైదరాబాద్’ అంటూ వాట్సాప్‌లో తిరిగే బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బార్, ప్యాలెస్‌ల లోపలి గదులు, వేటలో చనిపోయిన పులి పక్కన దొరలు.. వాటిలో చాలా వరకు తీసింది ఒకే ఒక్క సంస్థ. దాని యజమాని రాజా దీన్‌దయాళ్. మరి ఈయన హైదరాబాదీనా అంటే కాదు. అసలు చదువుకున్నది ఫొటోగ్రఫీ కూడా కాదు.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ కాలేజీలో (ఇప్పటి ఐఐటీ రూర్కీ) ఇంజినీరింగ్ చదివి, 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. రోజూ అంచనాలు వేయడం, డ్రాయింగ్‌లు గీయడం.. అదీ పని. కెమెరా చేతిలోకి వచ్చింది 1874 ప్రాంతంలో. అప్పటికి వయసు ముప్ఫై. సరదాగా మొదలుపెట్టిన పని కాస్తా చివరికి ఉద్యోగాన్నే మింగేసింది.

ఇప్పుడు ఫోన్‌తో నిమిషానికి పది ఫొటోలు తీసేస్తున్నాం. ఆయన మొదలుపెట్టిన రోజుల్లో ఒక్క ఫొటో అంటే ఒక పెద్ద తతంగం. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు మందు పూయాలి. చీకట్లో వెండి ద్రావణంలో ముంచాలి. అది తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి ఫొటో తీయాలి. ఆరిపోయేలోపే కడగాలి. మన ఎండల్లో అది ఎంతసేపు తడిగా ఉంటుందో మీరే ఊహించుకోండి! ఊరి బయట కోటో, గుడో ఫొటో తీయాలంటే చీకటి గుడారం, మందు సీసాలు, గాజు పలకలు అన్నీ వెంట మోసుకెళ్లాల్సిందే. తర్వాత డ్రై ప్లేట్లు వచ్చాక ఈ హడావుడి తగ్గింది.. బరువు మాత్రం తగ్గలేదు.

ఎందుకంటే అప్పట్లో చిన్న నెగెటివ్ తీసి ప్రింట్‌ని పెద్దది చేయడం మామూలు విషయం కాదు. గాజు పలకని నేరుగా కాగితం మీద పెట్టి, ఎండలో ప్రింట్ వేసేవాళ్లు. ఆ కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసేవాళ్లు! అంటే ఫొటో ఎంత పెద్దది కావాలంటే గాజు అంత పెద్దది, కెమెరా కూడా అంత పెద్దది. చెక్క పెట్టె, ముడుచుకునే తోలు, మూడు కాళ్ల స్టాండ్. నల్ల గుడ్డ కప్పుకుని చూస్తే లోపల అంతా తలకిందులుగా కనిపిస్తుంది. దీన్‌దయాళ్ తీసిన ప్యాలెస్‌ల ఫొటోల్లో స్తంభాలు గీత గీసినట్టు నిటారుగా ఉంటాయి. ఇంజినీర్ కన్ను అక్కడ పట్టుబడిపోతుంది.

1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి బుందేల్‌ఖండ్ తిరిగి కోటలు, గుళ్లు ఫొటోలు తీశారు. 1885లో వైస్రాయ్ ఫొటోగ్రాఫర్ అయ్యారు. ఆ తర్వాతే హైదరాబాద్ కథ మొదలైంది. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు, నిజాం ఆస్థానంలో చేరారు. మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచారు.

నిజానికి బిరుదు కంటే పెద్ద విషయం ఇంకోటుంది. 1892లో ఆడవాళ్ల కోసమే జనానా స్టూడియో పెట్టారు. పరదా పాటించే కుటుంబాల మహిళలు మగ ఫొటోగ్రాఫర్ ముందు కూర్చోలేరు కదా. అందుకే కెనీ లెవిక్ అనే ఇంగ్లిష్ మహిళకు ఆ బాధ్యత అప్పగించారు. లోపలికి మగవాళ్లకు ఎంట్రీ లేదు.. యజమానితో సహా! తన పేరు మీద నడిచే స్టూడియోలో తాను అడుగుపెట్టకపోతేనే నడుస్తుందని గుర్తించిన వ్యాపారి ఆయన.

1902లో వైస్రాయ్ కర్జన్ దంపతులు నిజాం రాజ్యంలో పులి వేటకు వచ్చినప్పటి ఫొటో ఇప్పటికీ షేర్ అవుతూనే ఉంటుంది. కానీ అదే రోజుల్లో అదే సంస్థ కరువు సహాయక పనులను కూడా ఫొటో తీసింది. అవి నిజాం సర్కారు చేసిన మంచిని చూపించడానికి తీసినవే, అందులో అనుమానం లేదు. అయినా దర్బార్ ఫొటోల్లో ఎక్కడా చోటు దొరకని బక్కచిక్కిన జనం గాజు మీదకి ఎక్కింది ఆ రకంగానే. పులి ఫొటో చూసినవాళ్లు ఇవీ ఒకసారి చూడాలి.

చివరి రోజులు మాత్రం బాధగా గడిచాయి. వ్యాపారంలో తోడుగా ఉన్న ఇద్దరు కొడుకుల్లో ధరమ్‌చంద్ 1904లో చనిపోయారు. ఏడాది తిరగ్గానే, 1905 జులై 5న బొంబాయిలో దీన్‌దయాళ్ కన్నుమూశారు. పెద్ద కొడుకు జ్ఞాన్‌చంద్ మిగిలినా పాత వైభవం తిరిగి రాలేదు.

2006లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. మరి ఆ గాజు పలకల సంగతేంటి? చెయ్యి జారితే ముక్కలైపోయే ఆ నెగెటివ్‌లలో 2,857 ప్లేట్లను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో కొనుగోలు చేసింది. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.